ఒకసారి అతికిస్తే ఇక విప్పలేం: టెయిల్ ల్యాంప్ లైన్‌లో మెషిన్లకు అసలు పనేంటి

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే పార్కింగ్‌లో ఉన్న కార్లను వెనక నుంచి చూస్తూ వెళ్తే ఏదో ఒక టెయిల్ ల్యాంప్ లోపల సన్నటి ఆవిరి పొర కనిపిస్తుంది. కొందరు అది లోపం అంటారు, కొందరు మామూలే అంటారు. ఇద్దరూ కరెక్టే కావచ్చు. ఎండెక్కాక ఆ పొర తనంతట తాను పోతే దీపం ఊపిరి తీసుకుంటోందని అర్థం. అలా కాకుండా అడుగున నీళ్లు నిలిచి, కారు మలుపు తిరిగినప్పుడల్లా అటూ ఇటూ పొర్లుతుంటే ఎక్కడో అతుకు తెగినట్టే. ఈ తేడాను ఫ్యాక్టరీలోనే తేల్చేయాలి, ప్రతి దీపానికీ తేల్చాలి, అదీ లైన్ ఆగకుండా. అసెంబ్లీలో ఆటోమేషన్ అనగానే చాలామందికి తట్టేది వేగం, లేదంటే జీతాల ఖర్చు. అవి లేవని ఎవరూ అనరు. కానీ టెయిల్ ల్యాంప్ దగ్గర మెషిన్లు వచ్చి కూర్చోవడానికి అంతకంటే పెద్ద కారణం ఒకటుంది: ఈ దీపాన్ని ఒకసారి మూశాక మళ్లీ తెరిచి చూసే వీల్లేదు. లైన్‌లో ఏది ముందు రావాలి, ఏది తర్వాత, ఎక్కడ రోబో, ఎక్కడ మనిషి అన్న లెక్కలన్నీ ఆ ఒక్క మెట్టు చుట్టూనే తిరుగుతాయి.

బయటికి ఎర్రటి ప్లాస్టిక్ ముక్కలా కనిపించే దీన్ని విప్పితే (విప్పలేం కాబట్టి, రంపంతో కోస్తే) లోపల చాలానే ఉంటుంది. వెనక డొప్ప, అంటే హౌసింగ్, ఎక్కువగా ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ లేదా అందులో పాలీకార్బనేట్ కలిపిన మిశ్రమం. ముందు లెన్స్, దాదాపు ఎప్పుడూ పీఎంఎంఏ, అంటే మామూలు మాటల్లో యాక్రిలిక్. ఈ రెంటి మధ్య ఎల్‌ఈడీలు ఎక్కించిన బోర్డులు ఒకటో రెండో మూడో, వెలుతురును గొట్టంలో నీళ్లలా పారించే లైట్ గైడ్, అద్దంలా మెరిసే రిఫ్లెక్టర్, అందానికి చుట్టూ పెట్టే చట్రం (బెజెల్), వాటిని పట్టుకునే స్క్రూలు, చిన్న వైరింగ్. వెనక పక్క కనెక్టర్, గాలి ఆడటానికి వెంట్, కారు బాడీకి ఆనే చోట ఫోమ్ గాస్కెట్.

పాత బల్బు దీపానికి ఇంత హడావుడి లేదు. వెనక గుండ్రటి రంధ్రం, అందులో సాకెట్, సాకెట్‌లో బల్బు. మాడిపోతే సాకెట్‌ను చేత్తో కాస్త తిప్పి బయటికి లాగి కొత్త బల్బు పెట్టేవాళ్లు. అంటే ఆ దీపానికి పుట్టుకతోనే ఒక తలుపు ఉండేది. నీళ్లు చేరినా, దుమ్ము చేరినా, కాంటాక్ట్ తుప్పు పట్టినా చూసుకునే దారి ఉండేది.

ఎల్‌ఈడీ ఇందులోకి దొడ్డిదారిన వచ్చింది. అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచి వెనక మధ్యలో, పైన, మూడో బ్రేక్ లైటు తప్పనిసరి అయింది. దాని వెనక 1974లో జాన్ వోయెవోడ్‌స్కీ అనే సైకాలజిస్టు శాన్ ఫ్రాన్సిస్కో ట్యాక్సీల మీద చేసిన ప్రయోగం ఉంది. మధ్యలో దీపం పెట్టిన ట్యాక్సీలను వెనక నుంచి గుద్దడం 60 శాతం తగ్గిందని ఆయన తేల్చాడు. (అన్ని కార్లకూ ఆ దీపం వచ్చేశాక అమెరికా ప్రభుత్వం మళ్లీ లెక్కేస్తే తేలింది 4.3 శాతమే. కొత్తగా ఉన్నంత కాలమే ఏదైనా కళ్లకు ఆనేది.) ఆ సన్నటి పట్టీకి ఎరుపు ఒక్కటే కావాలి, అప్పటికి కాస్త గట్టిగా వెలిగే ఎల్‌ఈడీలూ ఎర్రవే. అలా మొదలై 2000 మోడల్ క్యాడిలాక్ డివిల్ కారు నాటికి టెయిల్ ల్యాంపులే ఎల్‌ఈడీ అయిపోయాయి. భద్రత కోణంలో దీనికి గట్టి వాదనే ఉంది. బల్బు ఫిలమెంటు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది, ఎల్‌ఈడీకి ఆ ఆలస్యం లేనట్టే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెనక వస్తున్న బండి ఆ అయిదో వంతు సెకనులోనే అయిదున్నర మీటర్లు ముందుకొచ్చేస్తుంది.

అయితే ఫ్యాక్టరీ వాళ్లకు ఎల్‌ఈడీలో బాగా నచ్చింది ఇంకోటి. అది కారు బతికినంత కాలం బతుకుతుందని లెక్క. బల్బు మార్చే పనే లేకపోతే తలుపు ఎందుకు? తలుపు లేకపోతే చుట్టూ ఒకే గీతలో వెల్డ్ చేసేయొచ్చు. హెడ్‌ల్యాంప్‌లో ఇంత సులువు కాదు, అక్కడ లెన్స్ పాలీకార్బనేట్, హౌసింగ్ చాలాసార్లు పాలీప్రొపిలీన్, ఈ రెండూ కరిగించినా కలవవు కాబట్టి గాడిలో జిగురు నింపి అతికిస్తారు. వాటిలో కొన్ని జిగుర్లు వేడికి మెత్తబడతాయి, అందుకే హెడ్‌ల్యాంపును ఓవెన్‌లో పెట్టి ఊడదీసే వీడియోలు ఇంటర్నెట్ నిండా ఉంటాయి. టెయిల్ ల్యాంప్‌లోని యాక్రిలిక్, ఏబీఎస్ మాత్రం కరిగితే ఒకదాంట్లో ఒకటి కలిసి గడ్డకడతాయి. జిగురు ఖర్చు లేదు, ఆరేదాకా ఆగక్కర్లేదు, సెకన్లలో పని అయిపోతుంది. విప్పడమే ఉండదు.

వెల్డింగ్ అంటే ఇక్కడ నిప్పురవ్వలు రాలవు. వైబ్రేషన్ వెల్డింగ్ మెషిన్ ముందు ఒక్క సైకిల్ సేపు నిలబడితే సంగతి తెలుస్తుంది. కింది జిగ్‌లో, అంటే ముక్కను కదలకుండా పట్టే పీఠంలో, హౌసింగ్, పై జిగ్‌కు వ్యాక్యూమ్‌తో కరుచుకున్న లెన్స్. తలుపు మూసుకుంటుంది. కింది టేబుల్ పైకి లేచి రెండు ముక్కల అంచులను గట్టిగా నొక్కి పడుతుంది. ఆ తర్వాత చెవులు హోరెత్తే ఒక మోత, తలుపు మూసి ఉన్నా కాళ్ల కింద నేలకు తెలిసేంత. లెన్స్ సెకనుకు 200 పైచిలుకు సార్లు, మిల్లీమీటరు అటూ ఇటూగా ఊగుతుంది. ముందు ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ ఎండుగా రాసుకుంటుంది, ఆ రాపిడి వేడికి అంచు కరుగుతుంది, కరిగిన పొర మీద లెన్స్ మిల్లీమీటరో, అంతకంటే తక్కువో కిందికి దిగుతుంది. మోత ఠక్కున ఆగుతుంది. లెన్స్ సరిగ్గా ఉండాల్సిన చోటికే వచ్చి ఆగాలి, ఆగి అదే ఒత్తిడిలో కొన్ని సెకన్లు ఉండాలి. తలుపు తెరుచుకునేసరికి చేతిలోకి వచ్చేది ఒకే వస్తువు.

ఇందులో మనిషి చెయ్యి చేయలేనిది ఊపడం ఒక్కటే కాదు. ఎంత దిగింది, ఎంతసేపట్లో దిగింది, ఎంత బలం పట్టింది అన్న మూడు సంఖ్యలను ఆ దీపం పేరు మీద మెషిన్ రాసి పెట్టుకుంటుంది. దిగాల్సినంత దిగింది కానీ మామూలు కంటే చాలా త్వరగా దిగిందంటే హౌసింగ్ అంచు ఎక్కడో పల్చగా వచ్చి ఉండొచ్చు. కంటికి రెండు దీపాలూ ఒకేలా ఉంటాయి, అంకెల్లో మాత్రం తేడా దొరికిపోతుంది.

ప్రతి దీపాన్నీ ఇలా ఊపలేం. అతుకు గీత దాదాపు ఒకే తలంలో, ఊపే దిశకు అనువుగా ఉండాలి. కారు మూల చుట్టూ తిరిగి పక్కకు వంగే దీపాల్లో ఆ వంపు ఎక్కువైతే ఒక చోట రాసుకుంటుంది, ఇంకో చోట ఎగిరెగిరి పడుతుంది. అలాంటి వాటికి హాట్ ప్లేట్ వెల్డింగ్ వాడతారు. వంపుకు తగ్గట్టు చెక్కిన వేడి పలకను రెండు ముక్కల మధ్యలోకి తెచ్చి అంచులను కరిగించి, పలకను చప్పున తప్పించి, రెంటినీ అదిమేస్తారు. చెప్పడానికి తేలిక. కరిగిన ప్లాస్టిక్ పలకకు అంటుకుని, పలక వెనక్కి వెళ్లేటప్పుడు సాలెగూడు పోగుల్లాంటి దారాలు లాగుతుంది. ఆ దారం లోపల పడిందా, వెలిగించినప్పుడల్లా కనిపిస్తూనే ఉంటుంది. టెఫ్లాన్ పూత పెడదామంటే అది 260 డిగ్రీలు దాటితే ఎక్కువ కాలం నిలవదు, అందుకని కొన్ని చోట్ల పూత మానేసి పలకనే 350, 400 డిగ్రీలకు తీసుకెళ్తారు. అంటుకున్న మిగులు అక్కడే ఆవిరైపోతుంది, పొగ లాగేసే ఏర్పాటు మాత్రం గట్టిగా ఉండాలి.

మూడోది లేజర్. ఎర్రటి లెన్స్ మన కంటికి పచ్చ, నీలం రంగులను ఆపేస్తుంది కానీ 800 నుంచి 980 నానోమీటర్ల దగ్గరి ఇన్‌ఫ్రారెడ్‌ను హాయిగా దాటనిస్తుంది. వెనక నల్ల హౌసింగ్‌లోని కార్బన్ దాన్ని మింగి వేడెక్కుతుంది, అంటే లెన్స్ పైన ఏ మరకా లేకుండా దాని అడుగున మాత్రమే కరుగుతుంది. దుమ్ము లేదు, దారాలు లేవు, ఊపు లేదు, అతుకు గీత సన్నగా శుభ్రంగా వస్తుంది. కాకపోతే రెండు ముక్కలూ వెంట్రుక మందం సందు కూడా లేకుండా ఆనుకోవాలి, లేకపోతే వేడి అవతలికి చేరదు. చేత్తో పట్టుకుంటే అటూ ఇటూ వంగే పొడవాటి ప్లాస్టిక్ ముక్కల్లో ఆ బిగువు సాధించడం దగ్గరే ఖర్చంతా. లేజర్ కొనగానే సమస్య తీరదు, అది ముక్కలను అచ్చు పోసే మోల్డింగ్ విభాగం నెత్తికి మారుతుంది.

మోల్డింగ్ సంగతి కూడా వదిలేయడానికి లేదు. ఎరుపు, తెలుపు, కొన్నిచోట్ల ఆంబర్ (నారింజ పసుపు) రంగుల లెన్సును రెండు మూడు విడతల్లో ఒకే అచ్చులో పోస్తారు. ప్లాస్టిక్ గోడ మందం రెట్టింపైతే చల్లబడే టైము నాలుగు రెట్లవుతుంది కాబట్టి, డిజైనర్ ముచ్చటపడి లోపల మందమైన గాజు పలక లాంటి ఆకారం అడిగితే అసెంబ్లీలో ఎన్ని రోబోలు పెట్టినా లైన్ వేగం ఆ అచ్చు దగ్గరే ఆగుతుంది. పైగా యాక్రిలిక్‌కు కోపం లోపల దాచుకునే గుణం. చల్లబడేటప్పుడు, వెల్డింగ్ వేడి తగిలినప్పుడు లోపల బిగుసుకున్న ఒత్తిడి అలాగే ఉండిపోతుంది. ఎవరో శుభ్రంగా ఉండాలని ఆల్కహాల్ గుడ్డతో అంచు తుడుస్తారు, నిమిషాల్లో సన్నటి వెంట్రుక పగుళ్లు. అందుకే ఒత్తిడి తీరడానికి దీపాలను 70, 80 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఉంచుతారు. లైన్‌లో ఏ గుడ్డ, ఏ ద్రావకం వాడొచ్చన్నది కూడా రాసి గోడకు అంటించేంత ముఖ్యమైన విషయమే.

ఇప్పుడు అసలు పాయింటుకు వద్దాం. వెల్డింగ్ అయ్యాక బోర్డు మార్చలేం, స్క్రూ బిగించలేం, బెజెల్ మీద పడ్డ దుమ్ము తుడవలేం. కాబట్టి తప్పులన్నీ దానికి ముందే దొరకాలి. బోర్డు హౌసింగ్‌లో కూర్చోగానే ఒకసారి కరెంటు ఇచ్చి వెలిగించి చూస్తారు. ఆటోమేటిక్ స్క్రూడ్రైవర్ టార్క్‌తో, అంటే తిప్పడానికి పట్టిన బలంతో పాటు ఎన్ని డిగ్రీలు తిరిగిందో కూడా చూస్తుంది. టార్క్ ఒక్కటే చూస్తే అడ్డంగా దిగిన స్క్రూ కూడా పాసైపోతుంది, అడ్డంగా ఇరుక్కున్నదానికి కూడా టార్క్ వస్తుంది మరి. బెజెల్ క్లిప్పులు పూర్తిగా పడ్డాయో లేదో చిన్న సెన్సర్లు తాకి చూస్తాయి. అచ్చులోంచి వచ్చిన ప్లాస్టిక్‌కు స్టాటిక్ కరెంటు పట్టి ఉంటుంది, అది గాల్లోని నూగునంతా పిలిచి మీద వేసుకుంటుంది. అందుకే మూసే ముందు ఆ స్టాటిక్‌ను పోగొట్టే అయాన్లు కలిపిన గాలి కొట్టి, పక్కనే లాగేస్తారు. చివరగా కెమెరా ఒక ఫొటో తీస్తుంది. హౌసింగ్ మీద ఉన్న క్యూఆర్ కోడ్ లాంటి చిన్న డేటామ్యాట్రిక్స్ కోడ్‌ను వెల్డింగ్ మెషిన్ చదివి, వెనకటి స్టేషన్లన్నీ పాస్ అని సిస్టమ్‌లో ఉంటేనే కదులుతుంది. లేకపోతే మొండికేసి కూర్చుంటుంది. ఆ మొండితనం కోసమే అంత డబ్బు పెట్టి కొనేది.

తప్పు జరగనివ్వని ఇలాంటి ఏర్పాటుకు పోకా-యోకే అని జపాన్ పేరు. 1961లో జపాన్ ఇంజినీరు షిగెయో షింగో ఒక స్విచ్ తయారీ దగ్గర గమనించింది చాలా చిన్న విషయం: బటన్ కింద రెండు స్ప్రింగులు పెట్టాలి, కార్మికులు అప్పుడప్పుడూ ఒకటి మరిచిపోతున్నారు. జాగ్రత్తగా ఉండండని చెప్పే బదులు, ముందుగా రెండు స్ప్రింగులు తీసి ఒక చిన్న పళ్లెంలో పెట్టుకుని తర్వాత బిగించమన్నారు. పళ్లెంలో ఒకటి మిగిలిందంటే తప్పు జరిగిందని అప్పటికప్పుడే తెలుస్తుంది. టెయిల్ ల్యాంప్ లైన్‌లో ఇది మరీ అవసరం, ఎందుకంటే ఇక్కడ ప్రతిదీ ఎడమ, కుడి అని రెండు రకాలు, ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. పైగా ఒకే లెన్స్ ఆకారంలో మార్కెట్‌ను బట్టి తేడాలుంటాయి. అమెరికాలో వెనక ఇండికేటర్ ఎర్రగా మిణికినా చెల్లుతుంది, యూరప్ పాటించే ఐక్యరాజ్యసమితి నియమాల్లో అది ఆంబర్‌గానే ఉండాలి. జిగ్‌లో ఒక చిన్న పిన్ను ఎడమ హౌసింగ్‌కు మాత్రమే పట్టేలా పెడితే కుడిది అసలు కూర్చోనే కూర్చోదు. కెమెరా, సాఫ్ట్‌వేర్, కృత్రిమ మేధ ఎన్ని వచ్చినా ఆ ముప్పావు అంగుళం పిన్నంత నమ్మకమైనది ఇంకోటి రాలేదు.

సెన్సర్‌ను కూడా గుడ్డిగా నమ్మరు. షిఫ్ట్ మొదట్లో కావాలనే చెడగొట్టిన దీపాలను, ఒకటి లీకయ్యేది, ఒకటి ఒక ఎల్‌ఈడీ వెలగనిది, ఒకటి స్క్రూ లేనిది, లైన్ మీదికి పంపుతారు. ప్లాంటుల్లో వీటిని రెడ్ రాబిట్ అంటారు. మెషిన్ వాటిని పట్టుకుంటేనే ఆ రోజు ఉత్పత్తి మొదలు. కెమెరా లెన్సుకు దుమ్ము పట్టి అన్నిటికీ పాస్ ఇచ్చుకుంటూ పోవడం అనేది కథ కాదు, నిజంగానే జరిగే పని.

ఇక లీక్ టెస్ట్. నీళ్లలో ముంచి బుడగలు చూసే పద్ధతి లైన్ మీద కుదరదు. వెంట్ రంధ్రం నుంచి కాస్త గాలి ఎక్కించి, మూసి, ప్రెషర్ పడిపోతోందా లేదా అని కొన్ని సెకన్లు చూస్తారు. దీపం బెలూన్‌లా ఉబ్బకూడదు కాబట్టి ఎక్కించేది కొద్ది ప్రెషరే. ఇక్కడే ఒక తమాషా ఉంది. వెల్డింగ్ నుంచి అప్పుడే వచ్చిన దీపం వేడిగా ఉంటుంది. లోపలి గాలి చల్లబడుతుంటే ఎక్కడా చిల్లు లేకపోయినా ప్రెషర్ తగ్గుతుంది. ఎంత? మూసిన డబ్బాలో మామూలు గాలి ఒక్క డిగ్రీ చల్లబడితే దాదాపు 3.4 మిల్లీబార్లు. డిగ్రీలో పదో వంతు తేడా వచ్చినా 34 పాస్కల్స్ (మిల్లీబారుకు 100 పాస్కల్స్). సన్నటి లీకు చూపించే తగ్గుదల తరచుగా ఇంతకంటే తక్కువే. అంటే మంచి దీపం ఫెయిల్ అవుతుంది. తలుపు తెరిచి ఉండి ఏసీ గాలి జిగ్ మీద పడినా లెక్క మారుతుంది. అందుకే చాలా లైన్లలో వెల్డింగ్‌కూ లీక్ టెస్ట్‌కూ మధ్య దీపాలు ఊరికే క్యూలో నిలబడే ఒక చోటు ఉంటుంది. బయటి నుంచి వచ్చిన వాళ్లకు అది వృథాగా కనిపిస్తుంది, ఇక్కడ టైము తగ్గించండని సలహా కూడా ఇస్తారు. లైన్ మొత్తంలో అతి తెలివైన స్టేషన్ అదే.

టెస్ట్ అయ్యాక ఆ రంధ్రానికి వెంట్ అతికిస్తారు. ఇంత కష్టపడి మూసి మళ్లీ రంధ్రమెందుకంటే, దీపం వెలిగినప్పుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది, చల్లటి నీళ్లు పడగానే ముడుచుకుంటుంది. దారి లేకపోతే ఆ పీల్పు అతుకు మీద పడుతుంది, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ నుంచి నీటిని లాక్కుంటుంది. సాగదీసిన టెఫ్లాన్ పొర గాలిని, ఆవిరిని పోనిస్తుంది, నీటి చుక్కను ఆపుతుంది. మొదట్లో చెప్పిన ఆవిరి పొర సంగతి ఇదే. దీనికి తోడు పాత బల్బు తన వేడితో దీపాన్ని లోపలి నుంచి ఆరబెట్టేది, ఎల్‌ఈడీకి అంత వేడి లేదు, కాబట్టి వచ్చిన ఆవిరి పొర కాస్త నెమ్మదిగా పోతుంది. కొత్త కార్లలో ఇది ఎక్కువ కనిపిస్తోందని అనేవాళ్ల మాటలో కొంత నిజముంది.

వెలుతురు పరీక్ష చీకటి డబ్బాలో జరుగుతుంది. ఐక్యరాజ్యసమితి నియమాల ప్రకారం మామూలు వెనక దీపం నేరుగా వెనక్కి కనీసం 4 క్యాండెలాలు (వెలుగు తీవ్రతకు కొలత) ఇవ్వాలి, బ్రేక్ దీపం కనీసం 60. చాలా డిజైన్లలో రెండు పనులూ అవే ఎల్‌ఈడీలు చేస్తాయి, తగ్గు వెలుగు కావాల్సినప్పుడు సెకనుకు కొన్ని వందల సార్లు ఆరి వెలుగుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఎక్స్‌పోజర్ టైము ఆ మిణుకుతో పొసగకపోతే బంగారం లాంటి దీపం కూడా సగం ఆరినట్టు ఫొటోలో పడుతుంది. కొత్త లైన్ పెట్టిన మొదటి వారం టెన్షన్‌లో సగం ఇలాంటివే: దీపం తప్పా, చూసే కన్ను తప్పా? ఇంకో తలనొప్పి ఎల్‌ఈడీల బిన్లు. ఒకే తయారీలో వచ్చినవి కూడా వెలుగులో, రంగులో కాస్త కాస్త తేడా ఉంటాయి కాబట్టి గ్రేడులుగా విడదీసి అమ్ముతారు. ఎల్‌ఈడీలు చుట్టి వచ్చే రీలు మారితే గ్రేడు మారొచ్చు, అప్పుడు బోర్డు మీద రెసిస్టర్ విలువ కూడా దానికి తగ్గట్టు మారాలి. మారకపోతే ఒక్కో దీపం విడిగా పాసవుతుంది, కారుకు బిగించాక ఎడమది ఒకలా, కుడిది ఒకలా. పక్కపక్కన పెట్టి పోల్చడంలో మన కన్ను ఏ మీటరుకూ తీసిపోదు.

ఇంత చదివాక అన్నీ రోబోలే చేస్తాయేమో అనిపిస్తుంది. లేదు. వైర్ దగ్గరికి వచ్చేసరికి రోబో తెల్లమొహం వేస్తుంది. గట్టి వస్తువు ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది, వైర్ ప్రతిసారీ ఒకలా పడుతుంది. అమ్మాయి ఒకరు ట్రేలోంచి వైర్ల కట్ట (హార్నెస్) తీసి, వేలితో మడత సరిచేసి, కనెక్టర్ నొక్కి, టక్‌మన్న శబ్దం విని, ఒకసారి వెనక్కి లాగి చూస్తుంది. మొత్తం నాలుగైదు సెకన్లు. అదే పని రోబోకు నేర్పాలంటే రెండు కెమెరాలు, ప్రత్యేకమైన గ్రిప్పర్, బలం కొలిచే సెన్సర్, నెలల తరబడి సర్దుబాట్లు. 2018లో టెస్లా ఈ పాఠాన్ని అందరి ముందూ నేర్చుకుంది. బ్యాటరీ ప్యాక్ మీద ఫైబర్‌గ్లాస్ మ్యాట్ పరచడానికి పెట్టిన రోబో ఆ మెత్తటి మ్యాట్‌ను పట్టుకోలేక లైన్‌నే ఆపేసింది. తీరా విచారిస్తే ఆ మ్యాట్ అసలు అక్కర్లేదని తేలింది. మితిమీరిన ఆటోమేషన్ తన తప్పేనని ఎలాన్ మస్క్ ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒప్పుకున్నారు కూడా. టెయిల్ ల్యాంప్ వాళ్లు చేసే తెలివైన పని రోబోకు వైర్ నేర్పడం కాదు, బోర్డుకే కనెక్టర్ పెట్టి హౌసింగ్‌లోంచి నేరుగా బయటికి తెచ్చి వైర్ లేకుండా చేసుకోవడం. ఆటోమేషన్ అసలు డ్రాయింగ్ బోర్డు దగ్గర మొదలవుతుంది, అక్కడ వదిలేస్తే లైన్ మీద ఎంత ఖర్చు పెట్టినా అతుకుల బొంతే.

ఇంకో లెక్క కూడా ఉంది. ఒక కారు మోడల్ అయిదారేళ్లు నడుస్తుంది, మధ్యలో ఫేస్‌లిఫ్ట్, అంటే పైపై రూపం మార్పు, వస్తే దీపాల ఆకారమే ముందు మారుతుంది. ఆ ఆకారానికి చెక్కిన జిగ్‌లు, వేడి పలకలు, గ్రిప్పర్లు ఆ రోజుతో తుక్కు. రోబో చెయ్యి మిగులుతుంది, దాని వేళ్లు మిగలవు. అందుకే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే మోడల్‌కు పూర్తి ఆటోమేటిక్ లైన్ లాభం, తక్కువ అమ్ముడయ్యేదానికి అదే గుదిబండ. బాగా నడిచే లైన్లను చూస్తే సగం మెషిన్లు, సగం మనుషులుగా, కాస్త అతుకుల్లాగే కనిపిస్తాయి. నిండా రోబోలతో మెరిసిపోయేవి ఎక్కువగా ప్రారంభోత్సవం ఫొటోల్లోనే.

దీపం కారు ఫ్యాక్టరీకి చేరాక కథ మళ్లీ మనిషి చేతికే వస్తుంది. బాడీ వెల్డింగ్ షాపు అంతా రోబోలదే అయినా, దీపాలు, సీట్లు, డ్యాష్‌బోర్డు బిగించే ఫైనల్ అసెంబ్లీ ఇంకా చాలావరకు చేతి పనే. రెండు మూడు నట్లు, ఒక కనెక్టర్. పక్కన రేకుతో సందు సమానంగా రావాలి, వెనక ఫోమ్ గాస్కెట్ సరిపడా నలగాలి. అది సరిగ్గా నలగకపోతే దీపం లోపల పొడిగానే ఉంటుంది, నీళ్లు డిక్కీలోకి దిగుతాయి, తిట్లు మాత్రం దీపానికే.

ఇంత కట్టుదిట్టంగా మూసిన దీపం చెడిపోతే? 2022 నవంబరులో టెస్లా అమెరికాలో 3.21 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేసింది, టెయిల్ ల్యాంపులు అప్పుడప్పుడూ వెలగడం లేదని. కారణం సాఫ్ట్‌వేర్, మందు కూడా సాఫ్ట్‌వేరే, గాల్లోంచి, అంటే వైర్‌లెస్‌గా పంపించారు. విప్పలేని దీపాన్ని విప్పకుండానే బాగు చేసేశారు. అన్ని సమస్యలూ అంత మర్యాదగా ఉండవు. రివర్స్‌లో స్తంభానికి తగిలి లెన్స్ మూల చిట్లితే లోపలి బోర్డులు, లైట్ గైడ్, వైరింగ్ అన్నీ బాగున్నా మొత్తం యూనిట్ మార్చాల్సిందే. కారు వెడల్పంతా పరుచుకున్న లైట్ బార్ అయితే ఆ మొత్తం ఇంకా పెద్దది. కారు యజమాని కట్టే ఈ బిల్లులో కొంత భాగం ఫ్యాక్టరీలో జిగురు, ఆరేదాకా ఆగే టైము మిగుల్చుకున్నందుకు అనుకోవచ్చు. స్క్రూలతో, రబ్బరు గాస్కెట్‌తో తెరవగలిగే ఎల్‌ఈడీ దీపం చేయడం అసాధ్యమేమీ కాదు, లారీలకు అలాంటివి వస్తూనే ఉన్నాయి. కారులో సన్నటి అంచు, అతుకు కనపడని అందం కావాలి, దానికి స్క్రూ తలలు అడ్డం.

లైన్ చివర, ప్యాకింగ్‌కు ముందు, తెల్లటి ట్యూబ్‌లైట్ల కింద ఒక టేబుల్ ఉంటుంది. మెషిన్లన్నీ పాస్ చేసిన దీపాన్ని అక్కడ ఒక మనిషి చేతిలోకి తీసుకుని మెల్లగా తిప్పి చూస్తారు. వెల్డ్ లోతు సరే, లీక్ లేదు, ప్రతి ఎల్‌ఈడీ వెలిగింది. కానీ మెరిసే బెజెల్ మీద, లెన్స్ వంపు రెండింతలు చేసి చూపిస్తున్న చోట, రెండు మిల్లీమీటర్ల నూలు పోగు ఒకటి. వేలితో తీసేసేంత చిన్నది, మధ్యలో మూడు మిల్లీమీటర్ల యాక్రిలిక్ అడ్డం లేకపోతే. దీపం ఎర్ర డబ్బాలోకి వెళ్తుంది. రెండు ప్లాస్టిక్‌లు ఏకమైపోయాయి కాబట్టి విడదీసి మళ్లీ వాడుకోవడం కూడా తేలిక కాదు, ముక్కలు చేయాల్సిందే.